రెండో దశలో ఆగిపోయిన పదకొండో పడక

మా ఆసుపత్రి రెండో అంతస్తులోని మగవాళ్ల సర్జికల్ వార్డులో నర్సులకూ రోగులకూ మధ్య సంబంధం మొన్న వర్షాకాలంలో ఒక సోమవారం ఉదయం ఎనిమిది గంటల నుంచి ప్రారంభమైనట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. అంతకుముందు సంబంధం లేదు. సూదులు వేసేవాళ్లం, కట్లు మార్చేవాళ్లం, మూత్రం సంచులు ఖాళీ చేసేవాళ్లం, వాంతి చేసుకునేవాడి నుదురు పట్టుకునేవాళ్లం. వీటిని సంబంధం అనరని నాకు రెండు రోజుల శిక్షణలో తెలిసింది. ఇరవై రెండేళ్ల సర్వీసున్న ఇన్‌ఛార్జి సిస్టర్ని. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత చాకిరీ తప్పేదో కదా అని చాలా బాధపడ్డాను.

శిక్షణ ఇచ్చిన మేడమ్ పదిహేనేళ్లుగా ఏ రోగినీ ముట్టుకోలేదు. అందువల్ల ఆవిడ అభిప్రాయాలు ఎంతో స్వచ్ఛంగా ఉన్నాయి. నర్సుకూ రోగికీ మధ్య సంబంధం నాలుగు దశల్లో పెరుగుతుందని ఆవిడ తెరమీద బొమ్మలు వేసి చూపించారు. మొదటిది పరిచయ దశ. అందులో ఇద్దరూ అపరిచితులు. రెండోది నమ్మక దశ. రోగి నర్సును తనవాళ్లలో ఒకరిగా చూస్తాడు. మూడోది వినియోగ దశ. తన బాధలన్నీ చెప్పుకుని నర్సును బాగా వాడుకుంటాడు. నాలుగోది విరమణ దశ. ఇద్దరూ హుందాగా విడిపోతారు. వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి. మా పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా మా ఆయనా నేనూ ఇంకా రెండో దశ దగ్గరే తచ్చాడుతున్నామని ఆ క్షణంలో అర్థమైంది.

రెండో రోజు సాయంత్రం ధ్రువపత్రం ఇచ్చారు. దానికి బంగారు రంగు అంచు ఉంది. అద్దం కట్టించి తెచ్చాను కానీ వార్డులో తగిలించడానికి మేకు దొరకలేదు. చివరికి చేతులు కడుక్కునే పద్ధతి రాసిన బోర్డును తీసేసి ఆ మేకుకే తగిలించాను. చేతులు కడుక్కోవడం అందరికీ వచ్చు కదా.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. సిద్ధాంతం మీద నాకు అంత భక్తి కలగడానికి నా ఎడమ మోకాలు కూడా కొంత కారణం. అది మూడేళ్లుగా మెట్లెక్కనంటోంది. కింది అంతస్తులో శిక్షకురాలి పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. ఆ గదిలో ఒక బల్ల, దాని వెనక గుండ్రంగా తిరిగే కుర్చీ ఉన్నాయి. సత్సంబంధాల అమలులో ఏ వార్డు ముందుంటే ఆ వార్డు సిస్టర్‌కి ఆ కుర్చీ ఇస్తామని మేట్రన్ గారు మీటింగులో ప్రకటించారు. ఆ తర్వాత నాకు రోగుల మీద ప్రేమ పొంగుకొచ్చింది.

సంబంధానికి ఒక ఫారం ఉంటుంది. పదకొండు పేజీలు. ఒక్కో పడకకు ఒకటి. మూడో పేజీలో "రోగి మిమ్మల్ని ఎవరిగా భావిస్తున్నాడు?" అనే ప్రశ్న కింద తల్లి, అక్క, చెల్లెలు, కూతురు అని నాలుగు గడులున్నాయి. ఈ వరస కుదరడానికి సగటున వారం పడుతుందని మేడమ్ చెప్పారు. మా వార్డులో ఒక్క పూట పట్టింది. డెబ్బై ఏళ్ల తాతగారు "అమ్మా, మంచినీళ్లు" అన్నారు, తల్లి గడిలో టిక్కు పెట్టాను. ఆయన పక్కనున్నాయన "అక్కా, ఫ్యాను" అన్నాడు, అక్క గడి. మధ్యాహ్నానికి నాకు ఇరవై ఎనిమిది పడకల మీద పదిమంది కొడుకులు, పన్నెండుమంది తమ్ముళ్లు, ఐదుగురు తండ్రులు ఏర్పడ్డారు. కాలు విరిగిన కాలేజీ కుర్రాడొక్కడు మాత్రం "ఆంటీ" అన్నాడు. ఆ గడి ఫారంలో లేదు. అతనితో సంబంధం కుదరలేదని రాసి, అతని కట్టు ఆఖర్న మార్చాను.

తర్వాతి అంశం ప్రతిధ్వని పద్ధతి. రోగి అన్న మాటనే మెత్తగా తిరిగి అతనికే అందించాలి. దర్జీ ఒకాయన హెర్నియా ఆపరేషన్ చేయించుకుని పన్నెండో పడక మీద ఉన్నాడు. "సిస్టర్, నొప్పిగా ఉందండీ" అన్నాడు.

"మీకు నొప్పిగా ఉందని అనిపిస్తోంది" అన్నాను.

"అనిపించడం కాదండీ, ఉంది."

"ఉందని మీకు చాలా బలంగా అనిపిస్తోంది."

నొప్పి మాత్ర నా జేబులోనే ఉంది. కానీ సంభాషణ మధ్యలో మాత్ర ఇస్తే భావాల ప్రవాహానికి అడ్డుకట్ట పడుతుందని పుస్తకంలో స్పష్టంగా ఉంది. దర్జీ నా వంక చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. కాకి ఫారం నింపదు కాబట్టి అలా అంటారు.

ప్రతిధ్వని కంటే గొప్పది చికిత్సాత్మక మౌనం. రోగి పక్కన స్టూలు వేసుకుని, కళ్లలోకి చూస్తూ, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలి. అప్పుడు రోగి మనసు తనంతట తానే విచ్చుకుంటుంది. మర్నాడు దర్జీ దగ్గరే ప్రయోగించాను. మొదటి అరనిమిషం నవ్వాడు. రెండో అరనిమిషంలో చెమట పట్టింది. ఒక నిమిషం దాటేసరికి "ఎన్నాళ్లుంటానన్నారు సిస్టర్, డాక్టర్ గారు?" అని అడిగాడు. నియమం ప్రకారం నేను మాట్లాడలేదు. సాయంత్రానికల్లా తమ్ముళ్లిద్దరూ, తోడల్లుడూ వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. కుట్టు మిషను పెద్దవాడికి, కత్తెరలు చిన్నవాడికి అని దర్జీ చెబుతున్నాడు. మనసు విచ్చుకుంది అని రాసుకున్నాను.

ఇల్లు కూడా ఒక వార్డే కదా అని ఇంట్లోనూ సాధన మొదలుపెట్టాను. "కూరలో ఉప్పు ఎక్కువైంది" అన్నారు మా ఆయన. "ఉప్పు ఎక్కువైందని మీకు అనిపిస్తోంది" అన్నాను. ఆ రోజు నుంచి ఆయన మాట్లాడకుండా తిని లేచిపోతున్నారు. ఇంటిల్లిపాదికీ చికిత్సాత్మక మౌనం అలవాటైందని సంతోషించాను. పదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం, "అమ్మా, నువ్వు నాతో మాట్లాడుతున్నావా, ఫారం నింపుతున్నావా?" అని అడిగింది. 

ఇంతలో మేట్రన్ గారి ఉత్తర్వు వచ్చింది. నాలుగు దశలకూ టిక్కు పడనిదే ఏ రోగికీ డిశ్చార్జి చీటీ ఇవ్వరాదు. గాయం మానడం డాక్టరు చూసుకుంటాడు, సంబంధం మానడం నర్సు చూసుకోవాలి. విరమణ దశలో రోగి ముఖంలో సముచిత విచారం కనిపించాలని కూడా ఉత్తర్వులో ఉంది. మూడో పడక ఆయన కొడుకు భుజం మీద చెయ్యేసి నవ్వుతూ వెళ్లిపోతుంటే మెట్ల దగ్గరి నుంచి వెనక్కి పిలిపించాను. ఆయన పాపం మంచం మీద కూర్చుని ఐదు నిమిషాలు విచారించి, అప్పుడు వెళ్లాడు.

ఇప్పుడు పదకొండో పడక సంగతి. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. వార్డంతా కండక్టర్ గారనే పిలిచేవాళ్లం. పాదంలో మేకు దిగి, చీము పట్టి చేరాడు. మొండి మనిషి కాదు, మర్యాదస్తుడు. సూది వేస్తే "అయిందా తల్లీ" అనేవాడు. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉండేది. శుక్రవారం రౌండ్సుకు వచ్చిన సర్జను పాదం చూసి, "బ్రహ్మాండంగా ఉంది, ఇంటికెళ్లొచ్చు" అని కేస్‌షీటులో రాసేశాడు. నేను నా ఫారం చూసుకున్నాను. పాదం నాలుగో దశలో ఉంది కానీ మనిషి ఒకటో దశలోనే ఉన్నాడు. ఏమడిగినా "బాగుందమ్మా" తప్ప మరో మాట లేదు. రోజుకు ఆరుసార్లు "ఇంటికెప్పుడు పంపుతారు?" అనేవాడు. ఇంటి కోసం పదే పదే అడగడం సంబంధాన్ని తప్పించుకునే ధోరణి అని పుస్తకంలో ఉంది. అందుచేత ఆయన అడిగినకొద్దీ ఉంచాల్సి వచ్చింది.

శనివారం పొద్దున ఆయన నన్ను పిలిచి స్టూలు మీద కూర్చోమన్నాడు. మనసు విప్పబోతున్నాడని గ్రహించి వినే భంగిమలోకి వెళ్లాను. నడుము ముందుకు వంగాలి, తల పదిహేను డిగ్రీలు పక్కకు వాల్చాలి, చేతులు కట్టుకోరాదు, మధ్యమధ్యలో ఊకొట్టాలి. ఈ భంగిమకు పరీక్షలో పది మార్కులు.

"మా ఆవిడ మంచంలో ఉంది తల్లీ" అన్నాడు కండక్టర్ గారు. "పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. మాట లేదు. రెండు గంటలకోసారి అటొకసారి ఇటొకసారి తిప్పాలి, లేకపోతే ఒళ్లు పుండైపోతుంది. ఇన్నాళ్లూ మా మరదలు వచ్చి చూసుకుంటోంది. దాని కూతురికి నెలలు నిండాయి, రేపు వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎవరూ లేరమ్మా. పక్కింటావిడ రెండు పూటలా నాలుగు ముద్దలు పెడుతుందంతే, తిప్పడం ఆవిడవల్ల కాదు. నన్ను ఇవాళే పంపించెయ్యి."

చాలా బాగా విన్నాను. తల సరిగ్గా పదిహేను డిగ్రీలే వాలిందా, ఇరవై అయిందా అని ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. ఏడుసార్లు ఊకొట్టాను. ఆయన ఆగగానే, శిక్షణలో నేర్పిన స్వరంతో, "దాని గురించి మీకు ఎలా అనిపిస్తోంది?" అన్నాను.

కండక్టర్ గారు నా ముఖంలోకి కాసేపు చూశాడు. ముప్పై నాలుగేళ్లు బస్సులో రకరకాల మనుషుల్ని చూసిన కళ్లవి.

"ఏమీ అనిపించట్లేదమ్మా" అని పడుకున్నాడు.

"రోగి భావాలను అణచుకుంటున్నాడు. అయినా మాట కలిపాడు. ఒకటో దశ పూర్తి" అని రాసి, టిక్కు పెట్టాను. నాకు ఆనాడు గొప్ప తృప్తి కలిగింది.

ఆయన మీద మరో పరిశీలన కూడా నా ఫారంలో ఉంది. రెండు గంటలకోసారి గోడ గడియారం చూసి, లేచి కూర్చుని, తన దిండును తిరగేసి పెట్టేవాడు. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి. పక్కన ఎవరో ఉన్నట్టు దుప్పటి సరిచేసేవాడు. "దిండు తిప్పు అలవాటు, కారణం తెలియదు, కాలం గురించిన ఆందోళన కావచ్చు" అని రాశాను. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలని నర్సింగు స్కూల్లో మొదటి నెలలోనే నేర్పుతారు. నేనే ఎందరు పిల్లలకు నేర్పానో లెక్కలేదు. అయితే అది పాత పాఠం.

ఇక రోగుల విషయానికొస్తే, వాళ్లేమీ చెవుల్లో పూలు పెట్టుకుని కూర్చోలేదు. ఫారాలు మంచాల కాళ్ల దగ్గరే వేలాడుతుంటాయి. దర్జీ తన ఫారం చదివాడు, తను చచ్చిపోవట్లేదని తెలిసి ముందు సంతోషించాడు, తర్వాత మండిపడ్డాడు. కండక్టర్ గారు పెన్సిలు తీసి, పదకొండు పేజీలనూ నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఆ సాయంత్రం ఆయన మంచం చుట్టూ చేరినవాళ్లకు ఇలా చెప్పాడట. "మొదటి స్టేజీలో బిక్కమొహం పెట్టండి. రెండో స్టేజీలో 'మీరుంటే ధైర్యంగా ఉంది సిస్టర్' అనండి. మూడో స్టేజీలో చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పి కళ్లు తుడుచుకోండి. నాలుగో స్టేజీలో 'వెళ్లాలని లేదు గానీ వెళ్లక తప్పదు' అనండి. అంతే, బండి ఆగుతుంది, దిగిపోవచ్చు."

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా ఆదివారం ఒక్కరోజే నా వార్డులో అద్భుతం జరిగిందని. తెల్లారేసరికి ఇరవై ఆరుగురికి నా మీద ధైర్యం కుదిరింది. పదింటికల్లా బాల్యస్మృతులు మొదలయ్యాయి. తొమ్మిదిమంది చిన్నప్పుడు తప్పిపోయారు, అందులో నలుగురు ఒకే సంతలో. ఆంటీ కుర్రాడు కూడా "అక్కా, మిమ్మల్ని చూస్తే మా అక్క గుర్తొస్తోంది" అని కళ్లు తుడుచుకున్నాడు. అతనికి అక్క లేదని కేస్‌షీటులో ఉంది. అయినా నేను అతని కట్టు మొదటే మార్చి, మూడు టిక్కులు కొట్టాను. దర్జీ నాలుగు దశలూ గంటన్నరలో దాటి, సముచిత విచారంతో ఇంటికి వెళ్లి, మిషనూ కత్తెరలూ తమ్ముళ్ల దగ్గరి నుంచి వెనక్కి తెచ్చుకున్నాడు.

కండక్టర్ గారికి మాత్రం నటన రాదు. అందరికీ నేర్పినవాడే తనవంతు వచ్చేసరికి ముఖం ముడుచుకుని, "మీరుంటే ధైర్యంగా ఉంది సిస్టర్" అని చీటీ మీద చదివినట్టు అన్నాడు. అయినా నాకు ప్రాణం లేచివచ్చింది. రెండో దశకు పెన్సిలుతో టిక్కు పెట్టాను. అప్పుడే మేట్రన్ గారు ఫోను చేశారు. సోమవారం రావాల్సిన తనిఖీ కమిటీ గురువారం వస్తుందట. రోగిని రెండో దశ నుంచి నాలుగో దశకు కళ్లెదుట తీసుకెళ్లి చూపించాలట. "నీ వార్డులో రెండో దశలో ఎవరున్నారు?" అని అడిగారు.

వార్డంతా కలియజూశాను. అందరూ మూడులోనూ నాలుగులోనూ ఉన్నారు. ఒక్కరూ మిగల్లేదు. కుర్చీ నా కళ్లముందు గుండ్రంగా తిరిగింది. రబ్బరు తీసి పదకొండో పడక టిక్కు చెరిపేసి, "ఒకాయన ఉన్నారు మేడమ్, చాలా కఠినమైన కేసు" అన్నాను. చెరిపింది నేనే, నా చేత్తోనే. ఆ రబ్బరు మా అమ్మాయిది, మామిడిపండు ఆకారంలో ఉంటుంది.

సోమ, మంగళ, బుధ వారాలు కండక్టర్ గారు పదకొండో పడక మీదే ఉన్నాడు. పాదం మానిపోయింది, వార్డంతా నడుస్తున్నాడు. గేటు దాటి వెళ్లిపోకూడదా అని పక్కవాళ్లు అంటే, "టికెట్ లేనివాళ్లని ఎంతమందిని దింపేశానో, ఇప్పుడు నేనే చీటీ లేకుండా దిగిపోతానా" అన్నాడట. పక్కింటావిడకు ఫోను చేయించుకుని, "తిప్పగలరా, ఒక్కసారన్నా" అని అడగడం నేనూ విన్నాను. "బయటివారితో సంభాషణ, మెరుగైన సామాజికత" అని రాశాను. బుధవారం మధ్యాహ్నం దిండు తిప్పాక మళ్లీ పడుకోలేదు. కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద బస్సులు చూస్తూ ఉండిపోయాడు.

గురువారం కమిటీ వచ్చింది. ముగ్గురు. ఒకాయన అధ్యక్షుడు, ఒకావిడ ఫారాల బరువు చేత్తో తూచి చూస్తారు, మూడో ఆయన తలూపుతారు. మేట్రన్ గారు స్వాగతం పలికారు. "నేటి వైద్యం యంత్రమయమైపోయిన ఈ తరుణంలో, మనిషికి మనిషే మందు అన్న మహత్తర సత్యాన్ని మా ఆసుపత్రి త్రికరణశుద్ధిగా, మూడు ప్రతుల్లో, అమలు చేస్తున్నదని సవినయంగా మనవి చేస్తున్నాను" అన్నారు. చప్పట్లు కొట్టాం. ఉపన్యాసం నలభై నిమిషాలు సాగడంతో పదింటి సూదులు పదకొండింటికి పడ్డాయి.

నేను స్టూలు వేసుకుని పదకొండో పడక పక్కన కూర్చున్నాను. భంగిమలోకి వెళ్లి, మౌనం మొదలుపెట్టాను. కమిటీ ఊపిరి బిగబట్టింది. కండక్టర్ గారు గోడ గడియారం చూశాడు. నన్ను చూశాడు. తర్వాత, బస్సు ఆఖరి ట్రిప్పులో స్టాపులన్నీ ఒక్క గుక్కలో అరిచినట్టు అందుకున్నాడు.

"మొదట మిమ్మల్ని చూసి భయపడ్డాను సిస్టర్. తర్వాత నమ్మకం కుదిరింది. నా బాధలన్నీ మీకు చెప్పుకున్నాను. చిన్నప్పుడు సంతలో తప్పిపోయాను. ఇప్పుడు మనసు తేలికపడింది. వెళ్లాలని లేదు గానీ వెళ్లక తప్పదు. నన్ను దింపెయ్యండి."

అధ్యక్షుల వారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తలూపే ఆయన చాలాసేపు ఊపారు. నేను సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాను. అప్పుడు కండక్టర్ గారు ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగాడు.

"ఎడం కాలి మీద బరువు వెయ్యట్లేదు నువ్వు. మోకాలా తల్లీ? వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను. ఎక్కువసేపు నిలబడకు."

మూడేళ్లుగా మా ఇంట్లోవాళ్లు, తోటి సిస్టర్లు, మేట్రన్ గారు ఎవరూ గమనించని మోకాలు అది. నేను జవాబు చెప్పకుండా వంగి నా మోకాలి వంక చూసుకున్నాను. దాన్ని చికిత్సాత్మక మౌనంగా భావించి కమిటీ మరోసారి చప్పట్లు కొట్టింది. అయితే రోగి నర్సును పరిశీలించుట క్రమవిరుద్ధమని అధ్యక్షుల వారు అర మార్కు తగ్గించారు. తొంభై తొమ్మిదిన్నరతో మా వార్డు ప్రథమ స్థానంలో నిలిచింది. డిశ్చార్జి చీటీ మీద నేను సంతకం పెట్టేసరికి కండక్టర్ గారు సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గరున్నాడు. చీటీ అందుకుని మెట్ల మీద పరుగులాంటి నడకతో దిగిపోయాడు. ముఖంలో విచారం సముచితం కంటే ఎక్కువే ఉంది.

నాకు కుర్చీ వచ్చింది. నిజంగానే గుండ్రంగా తిరుగుతుంది, కాస్త కిర్రుమంటుంది.

కండక్టర్ గారు వెళ్లిన ఐదో రోజున ఆడవాళ్ల వార్డు నుంచి కబురొచ్చింది. ఆరో పడక రోగి బొత్తిగా సహకరించడం లేదట, మొదటి దశ కూడా మొదలవలేదట, నిపుణురాలిగా నేను వచ్చి చూడాలట. మెట్లెక్కి వెళ్లాను. అరవై దాటిన ఆవిడ. మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. పక్కకు పడుకోబెట్టారు. నడుము కింద అరచేయంత పుండు, అంచులు నల్లబడ్డాయి. నేను స్టూలు వేసుకుని, ముందుకు వంగి, తల వాల్చి, "మీ గురించి చెప్పండమ్మా" అన్నాను. ఆవిడ కళ్లు నా మీద నుంచి జరిగి నా వెనక ఎవరినో చూశాయి.

"కాస్త జరుగు తల్లీ, టైమైంది" అన్న మాట వినిపించింది.

కండక్టర్ గారు. గడియారం పన్నెండు చూపిస్తోంది. ఆయన ఆవిడ భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి, పసిపిల్లను తిప్పినట్టు రెండో వైపుకు తిప్పాడు. వీపు వెనక దుప్పటి చుట్ట పెట్టాడు. ఆఖరున తల కింది దిండు తీసి, తిరగేసి, చల్లగా ఉన్న వైపు పైకి పెట్టాడు.

ఆ దిండు తిప్పడం చూడగానే నేను స్టూలు మీంచి లేచాను.

"నాకు చెప్పొచ్చుగా బాబాయ్ గారూ" అన్నాను. ఎంత సిగ్గులేని మాటో అన్నాకే తెలిసింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "చెప్పాను తల్లీ" అన్నాడు. "ఎలా అనిపిస్తోందని అడిగావు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. నర్సు ఏడవడానికి ఫారంలో గడి లేదు కాబట్టి అది నమోదు కాలేదు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, చేతులు కడుక్కుని, పుండు శుభ్రం చేసి కట్టు కట్టాను. రెండింటికి మళ్లీ వెళ్లాను. ఆయన భుజం వైపు, నేను నడుము వైపు పట్టుకున్నాం. ఇరవై రెండేళ్లలో వేలసార్లు చేసిన పని. చేతులకు గుర్తుంది. అదృష్టం కొద్దీ చేతులు శిక్షణకు రాలేదు.

అలాగని నేను మారిపోయానని మీరు అపోహ పడొద్దు. కుర్చీ వదల్లేదు. నెలకు రెండు బ్యాచులకు శిక్షణ ఇస్తున్నాను. చేతులు కడుక్కునే బోర్డును మాత్రం మళ్లీ దాని మేకుకు తగిలించాను. ఆఖరి రోజు ఈ కేసంతా చెబుతాను, రబ్బరు సంగతితో సహా. చెప్పాక, "దీని గురించి మీకు ఎలా అనిపిస్తోంది?" అని అడుగుతాను. అందరూ రాస్తారు. గుండె బరువెక్కింది అంటారు, కళ్లు తెరుచుకున్నాయి అంటారు, వ్యవస్థ మారాలి అంటారు. చాలా చక్కగా రాస్తారు, మార్కులు వేయక తప్పదు. ఇప్పటికి ఆరు బ్యాచులయ్యాయి, నూట ఎనభై మంది. ఆరో పడక ఆవిడకు ఇప్పుడెలా ఉంది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

మీరూ ఇంతదూరం చదివారు. మధ్యమధ్యలో నవ్వుకునే ఉంటారు, తల కూడా ఒక పక్కకు వాల్చే ఉంటారు. మీకోసం కూడా స్టూలు వేసుకుని కూర్చున్నాను. అడుగుతారేమోనని రెండు నిమిషాలు మౌనంగా చూస్తాను.